బ్యాండ్ చెప్పినట్టు ఊపిరి తీస్తే తల ఎందుకు తిరుగుతుంది?

మీరు అడిగినవి మూడు. చిత్తూరులో మామిడి గుజ్జు ఫ్యాక్టరీలో లెక్కలు చూస్తారు. తోతాపురి సీజన్ వస్తే రాత్రి పది దాకా లారీల తూకం చీటీలతోనే సరిపోతుంది. అలసట తగ్గుతుందని చేతికున్న స్మార్ట్ బ్యాండ్‌లో శ్వాస వ్యాయామం పెడితే మూడో నిమిషానికి తల తిరిగి, వేళ్లు తిమ్మిరెక్కుతున్నాయి. ఇది మొదటిది. వ్యాయామం అయ్యాక కూడా బ్యాండ్ చూపే స్ట్రెస్ (ఒత్తిడి) అంకె 70 నుంచి దిగడం లేదు, ఖరీదైన వాచ్ కొనాలా అన్నది రెండోది. బీపీ, షుగర్ మాత్రలు వాడే అమ్మకు కూడా ఇది పెట్టొచ్చా అన్నది మూడోది.

కొత్త వాచ్ అక్కర్లేదు. ఆ డబ్బు అట్లే ఉంచుకోండి. మిగతా రెండింటికీ కాస్త వివరంగానే చెప్పాలి.

తల తిరగడం సంగతి ముందు. "నెమ్మదిగా ఊపిరి తీయండి" అంటే చాలామందికి "నిండుగా తీయండి" అని వినబడుతుంది. తప్పు అక్కడే జరుగుతుంది. ఊరికే కూర్చున్న పెద్దవాళ్లు నిమిషానికి 12 నుంచి 20 సార్లు ఊపిరి తీస్తారు. ఒక్కోసారి లోపలికి వెళ్లే గాలి దాదాపు అర లీటరు. నిమిషానికి 14 సార్లనుకుంటే మొత్తం 7 లీటర్లు. దాన్నే 6 సార్లకు తగ్గించినప్పుడు ఒక్కో ఊపిరికి లీటరు గాలి చాలు. కానీ బ్యాండ్ తెరమీద పువ్వు విచ్చుకుంటూ ఉంటే మనం పక్కటెముకలు విరుచుకునేంత పీలుస్తాం. రెండు లీటర్ల చొప్పున ఆరుసార్లు పీలిస్తే 12 లీటర్లయింది. అంటే ఒళ్లు కదలకుండా కూర్చుని, మెల్లగా నడిచేవాడికి కావలసినంత గాలి ఆడిస్తున్నారన్నమాట. దాంతో రక్తంలోని కార్బన్ డయాక్సైడ్ అవసరానికి మించి బయటికి పోతుంది. అది తగ్గితే మెదడుకు వెళ్లే రక్తనాళాలు బిగుసుకుంటాయి. తల తేలిపోవడం, పెదాల చుట్టూ, వేళ్ల చివర తిమ్మిరి రావడం అందుకే. ఆక్సిజన్ చాలక వచ్చే బాధ కాదిది. అందుకే "ఇంకా గట్టిగా పీలిస్తే పోతుంది" అనుకుంటే ఇంకా ఎక్కువవుతుంది.

రెండో కారణం బ్యాండ్‌లో ఉంది. అది పాటకు కొట్టినట్టు తాళం కొడుతుంది గానీ మీ ఊపిరి వినదు. 2002లో అమెరికా మందుల నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ అనుమతి పొందిన రెస్పిరేట్ అనే పరికరం ఉంది, బీపీ కోసం చేసింది. దానికి ఛాతీ చుట్టూ కట్టే పట్టీ, చెవులకు హెడ్‌ఫోన్ ఉంటాయి. మొదట మీరు ఎన్నిసార్లు ఊపిరి తీస్తున్నారో పట్టీతో కొలుస్తుంది. తర్వాత పీల్చడానికొక స్వరం, వదలడానికొక స్వరం వినిపిస్తూ, వదిలే స్వరాన్ని కొంచెం కొంచెంగా సాగదీస్తుంది. అలా పావుగంటలో నిమిషానికి 10 లోపుకు దింపుతుంది. 2013లో అమెరికన్ హార్ట్ అసోసియేషన్ మందులు కాని పద్ధతులను బేరీజు వేసినప్పుడు, ఇలాంటి పరికరంతో చేసే శ్వాసను బీపీ తగ్గించడానికి వాడి చూడవచ్చన్న వర్గంలో పెట్టింది. ఆ పరికరం కొనమని చెప్పడం లేదు. అది చేసే పని చూడండి: ఉన్నచోటు నుంచి మొదలుపెట్టి దింపుతుంది. మన బ్యాండ్లు మాత్రం 16లో ఉన్న మనిషిని మొదటి నిమిషంలోనే 7కో 6కో లాగుతాయి. ఎద్దుల బండికి లారీ ఇంజన్ కట్టినట్టుంటుంది.

అందుకని వినే పని మీరు చేయాలి. ముందు మీ లెక్క తెలుసుకోండి. ఎవరి ఊపిరి వాళ్లు లెక్కపెట్టుకుంటే వెంటనే మారిపోతుంది, కాబట్టి మీరు టీవీ చూస్తున్నప్పుడు ఇంట్లోవాళ్లను చెప్పకుండా ఒక పూర్తి నిమిషం లెక్కపెట్టమనండి. భుజం లేచి దిగితే ఒకటి. మీ బ్యాండ్ నిద్రలో శ్వాస రేటు చూపిస్తే అదీ పనికొస్తుంది, కాకపోతే నిద్రలో కాస్త తక్కువుంటుంది.

తర్వాత బ్యాండ్ తాళం ఎంతో కొలవండి. వ్యాయామం మొదలుపెట్టి, ఫోన్ స్టాప్‌వాచ్‌తో ఒక నిమిషంలో ఎన్ని ఊపిరులు వచ్చాయో చూడండి, పీల్చడం, వదలడం కలిపి ఒకటి. యాపిల్ వాచ్‌లో ఈ వేగం మార్చుకోవచ్చు. ఐఫోన్‌లోని వాచ్ యాప్‌లో మైండ్‌ఫుల్‌నెస్ కింద శ్వాస రేటు 4 నుంచి 10 వరకు ఉంటుంది, మామూలుగా 7 దగ్గర పెట్టి ఇస్తారు. తక్కువ ధర బ్యాండ్లలో చాలావాటికి ఆ వీలుండదు. మీదీ అలాంటిదైతే దానిలోని వ్యాయామం పక్కన పెట్టి, ఫోన్‌లో రెండు అంతరాలు పెట్టుకోగల ఉచిత టైమర్ యాప్ ఒకటి వేసుకుని, వైబ్రేషన్ మీద ఉంచి ఒళ్లో పెట్టుకోండి. మణికట్టు మీద కొట్టినా తొడమీద కొట్టినా ఊపిరికి ఒకటే.

మొదటి వారం 3 సెకన్లు పీల్చడం, 3 సెకన్లు వదలడం. నిమిషానికి 10 అవుతుంది. రెండో వారం 3, 4. అంటే ఎనిమిదిన్నర. మూడో వారం 4, 5. నాలుగో వారానికి 4, 6 పెడితే సరిగ్గా 6కు వస్తారు. మొదటి రెండు వారాలు పూటకు 5 నిమిషాలు చాలు, తర్వాత 10. ఏదైనా వారం ఇబ్బందిగా ఉంటే ఆ వారమే ఇంకోసారి చేయండి. సీజన్ జూన్, జూలైలో నెత్తిమీదికి వస్తుంది కాబట్టి మే మొదటి వారంలో మొదలుపెడితే లారీలు బారులు తీరేసరికి చేయి తిరిగి ఉంటుంది.

ఇక ఒక్క ఊపిరిని దగ్గర నుంచి చూద్దాం. కుర్చీలో వీపు ఆనించి, పాదాలు నేలకు తగిలేలా కూర్చోండి. బెల్టు ఒక రంధ్రం వదులు చేయండి, చీరైతే నడుము దగ్గర కుచ్చిళ్లు కాస్త వదులుగా ఉండాలి. నోరు మూసి ముక్కుతోనే పీల్చండి. కింది పక్కటెముకలు పక్కలకు జరగాలి, కడుపు కొద్దిగా ముందుకు రావాలి. మెడ కింద ఎముకలు లేస్తే ఎక్కువ పీలుస్తున్నారని లెక్క. ఇంకా పీల్చగలను అనిపించేచోటే, సగం దాటగానే ఆపేయండి. వదిలేటప్పుడు తోయవద్దు. వేడి పాలు ఊదినట్టు కాకుండా, అద్దం మీద ఆవిరి పట్టించినంత మెల్లగా పోవాలి. పక్కనున్నవాళ్లకు మీ ఊపిరి చప్పుడు వినబడకూడదు. ఐదు నిమిషాలయ్యాక ఒక పెద్ద ఊపిరి లాగాలనిపిస్తే తక్కువ తీశారు. ఆవలింతలు, తిమ్మిరి వస్తే ఎక్కువ తీశారు. తిమ్మిరి మొదలైందంటే తాళం వదిలేసి ఒక నిమిషం మామూలుగా ఊపిరి తీసుకుని, ఈసారి ఇంకా చిన్నగా మొదలుపెట్టండి. ముక్కు దిబ్బడగా ఉన్న రోజు ముక్కుతో పీల్చి, పెదాలు సన్నగా చేసి నోటితో వదిలినా ఫర్వాలేదు.

6 దగ్గరే ఎందుకు ఆగుతాం అంటే, దానికి శరీరంలో ఒక కారణముంది. బీపీ పెరిగినా తగ్గినా పసిగట్టి గుండె వేగాన్ని సర్దే ఏర్పాటు మెడలోని పెద్ద రక్తనాళాల దగ్గర, గుండె నుంచి వచ్చే బృహద్ధమనిలో ఉంది. అది ఒక చుట్టు తిరగడానికి దాదాపు 10 సెకన్లు పడుతుంది. మరోపక్క ఊపిరి పీల్చినప్పుడు గుండె కాస్త వేగంగా, వదిలినప్పుడు కాస్త నిదానంగా కొట్టుకుంటుంది. మీ ఊపిరి కూడా 10 సెకన్లకు ఒకటైతే ఈ రెండు ఊపులూ ఒకదాని మీద ఒకటి పడతాయి. ఊయల సరిగ్గా వెనక్కి వచ్చినప్పుడు తోస్తే ఎత్తుకు వెళ్లినట్టు, గుండె వేగంలో ఎగుడుదిగుడు అప్పుడే అన్నిటికంటే పెద్దదవుతుంది. బొటనవేలి కింద మణికట్టు దగ్గర నాడి పట్టుకుని చేస్తే వదిలేటప్పుడు దెబ్బకూ దెబ్బకూ మధ్య ఎడం పెరగడం వేలికే తెలుస్తుంది.

అందరికీ ఖచ్చితంగా 6 కాదు, నాలుగున్నర నుంచి ఆరున్నర మధ్య ఎక్కడో ఒకచోట కుదురుతుంది. పొడుగువాళ్లకు కాస్త తక్కువలో. అది కనిపెట్టాలనే సరదా ఉంటే పోలార్ హెచ్10 లాంటి ఛాతీ పట్టీ కావాలి. గుండె దెబ్బల మధ్య కాలాన్ని అది ఈసీజీ పద్ధతిలో పట్టుకుంటుంది. ఎలక్ట్రోడ్ల మీద నీళ్లు తడిపి కట్టాలి, పొడిగా కడితే మొదటి నిమిషాలు పిచ్చి అంకెలు వస్తాయి. 6.5, 6, 5.5, 5, 4.5 చొప్పున రెండేసి నిమిషాలు ఊపిరి తీస్తూ, ప్రతి వేగంలోనూ గుండె వేగం పైకి ఎంత పోయింది, కిందికి ఎంత దిగింది రాసుకోండి. 64 నుంచి 78 దాకా ఊగితే తేడా 14. ఏ వేగంలో తేడా ఎక్కువో అదే మీది. ఒత్తిడి తగ్గించుకోవడానికి మాత్రం ఇంత కొలత అవసరం లేదు. 4, 6 పట్టుకుంటే పని జరుగుతుంది.

ఇప్పుడు స్ట్రెస్ అంకె. అది ఒత్తిడిని కొలిచే మీటరేమీ కాదు. బ్యాండ్ అడుగున మెరిసే పచ్చ దీపం చర్మం కింది రక్తపు ఉబ్బును చూసి, గుండె దెబ్బల మధ్య తేడాలను అంచనా వేస్తుంది. ఆ తేడాల నుంచి కంపెనీ తన సూత్రంతో ఒక అంకె వండుతుంది. గార్మిన్ వాచీల్లో 25 దాకా విశ్రాంతి, 26 నుంచి 50 తక్కువ, 75 దాకా మధ్యస్థం, ఆపైన ఎక్కువ. వేరే కంపెనీ 70కి దీనితో పోలిక లేదు. కాఫీ తాగినా, మధ్యాహ్నం రాగి సంగటి పట్టించినా, ఒంట్లో నీళ్లు తగ్గినా, జ్వరం వస్తున్నా అంకె ఎక్కుతుంది. అలిపిరి మెట్లు 3550 ఎక్కి తిరుమల చేరినవాడి చేతిమీద ఆ అంకె ఎర్రగా కనబడితే అతని మనసులో ఆందోళన ఉందని కాదు, కాళ్లు పనిచేశాయని అర్థం. మీరూ గోదాములోంచి మేడ మీదికి నడిచొచ్చి వెంటనే వ్యాయామం పెడుతున్నారేమో చూసుకోండి. గుండె వేగం మామూలుకు దిగేదాకా ఐదు పది నిమిషాలు ఆగండి.

దీనికి ఇంకో మెలిక ఉంది, దాన్ని పెద్దగా ఎవరూ చెప్పరు. నెమ్మదిగా ఊపిరి తీయడమే గుండె దెబ్బల తేడాలను పెంచుతుంది. కాబట్టి వ్యాయామం మధ్యలోనో వెంటనేనో అంకె బాగుపడితే, మీరు నెమ్మదిగా ఊపిరి తీశారని మాత్రమే దానికి తెలిసింది, ఒత్తిడి పోయిందని కాదు. యాపిల్ వాచ్ శ్వాస వ్యాయామం సమయంలో కూడా ఈ తేడాలను కొలిచి నమోదు చేస్తుంది, అందుకే ఆ గ్రాఫులో అక్కడక్కడా తాటిచెట్టులా ఒక చుక్క లేస్తుంది. దాన్ని చూసి సంబరపడనక్కర్లేదు. మీ అంకె 70లోనే ఉందంటే కొలత దెబ్బతిందని నా అనుమానం. పట్టీ వదులుగా ఉందా? మణికట్టు ఎముకకు ఒక వేలి వెడల్పు పైన, కింద వేలు సులువుగా దూరనంత బిగువుగా ఉండాలి. చిత్తూరు ఎండల్లో అడుగున చెమట నిలుస్తుంది, తుడవండి. తలకు రాసుకున్న కొబ్బరి నూనె చేతులమీదుగా సెన్సర్ గాజుకు అంటి పొరలా పేరుకుంటుంది, తడి గుడ్డతో శుభ్రం చేయండి. డిసెంబరు చలిలో కొండమీద చేతులు చల్లబడితే చర్మానికి రక్తం తగ్గి కొలత తప్పుతుంది. అన్నిటికంటే తరచుగా చేసే పొరపాటు బ్యాండ్ ఉన్న చేతినే కడుపుమీద పెట్టుకోవడం. కడుపు లేచిదిగే కదలికను సెన్సర్ నాడి అనుకుంటుంది. ఆ చేయి ఒళ్లో కదలకుండా ఉండాలి, కడుపుమీద రెండో చేయి పెట్టండి.

నా మాట అడిగితే, నెలరోజులు ఆ అంకె కనబడకుండా తెరమీద నుంచి తీసేయండి. దానికి బదులు ఒక నోటుబుక్కులో రెండే రాయండి: పడుకున్నాక నిద్ర పట్టడానికి ఎంతసేపు పట్టింది, ఇంట్లోవాళ్లు ఆదివారం లెక్కపెట్టిన ఊపిరి సంఖ్య. బ్యాండ్‌ను నమ్మాలంటే పొద్దున్నే లేవగానే చూపే గుండె వేగం వారం సగటు చూడండి. ఒక్కరోజు అంకెకు విలువ లేదు.

వైబ్రేషన్ రావడం లేదని కొందరు అంటారు. డు నాట్ డిస్టర్బ్ గానీ బ్యాటరీ సేవర్ గానీ వేసి ఉంటుంది. యాపిల్ వాచ్‌లో పీల్చేటప్పుడు తట్టుతుంది, వదిలేటప్పుడు ఆగిపోతుంది, అంటే నిశ్శబ్దం కూడా సూచనే. మధ్యలో ఫోన్ ఎత్తినా, ఎక్కువ కదిలినా వ్యాయామం అదే ముగిసిపోతుంది. తిరుపతి బస్సులో కూర్చుని చేద్దామంటే ఇంజను అదురులో మణికట్టు తట్టు తెలియదు, చెవిలో చిన్న శబ్దం పెట్టుకోవాలి. బండి నడుపుతూ మాత్రం ఎప్పుడూ వద్దు, ఘాట్ రోడ్డు మీద అసలే వద్దు. ఇంట్లో ఎవరికైనా కొత్తది కొనాల్సి వస్తే గాంధీ రోడ్డు షాపులోనే శ్వాస వ్యాయామం మొదలుపెట్టి కళ్లు మూసుకోండి. ఎప్పుడు పీల్చాలో ఎప్పుడు వదలాలో చేతికి తెలియకపోతే ఎన్ని ఫీచర్లున్నా దాన్ని అక్కడే పెట్టి రండి.

నెల తర్వాత వాచ్ లేకుండా రావాలి. తిరుమల క్యూ కాంప్లెక్సులో గంటలు కూర్చునేటప్పుడు ఫోన్లు, ఎలక్ట్రానిక్ వస్తువులు దగ్గరుండవు, అసలు అవసరం అక్కడే పడుతుంది. బొటనవేలితో మిగతా నాలుగు వేళ్ల కణుపులు లెక్కపెట్టండి, ఊపిరికి ఒక కణుపు. ఒక చేతికి 12 కణుపులు, నిమిషానికి 6 చొప్పున రెండు నిమిషాలు. ఐదు చుట్లకు పది నిమిషాలయిపోయింది. వదిలేటప్పుడు మనసులో "గోవిందా" అని మెల్లగా సాగదీస్తే ఊపిరి దానంతటదే పొడుగవుతుంది. ఇది భక్తి కోసం అన్నమాట కాదు. 2001లో బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో ఇటలీ వైద్యులు అచ్చువేసిన పరిశోధనలో, లాటిన్ జపమాల ప్రార్థన చదివినా, "ఓం మణి పద్మే" మంత్రం అన్నా ఊపిరి నిమిషానికి 6 దగ్గరికే వచ్చింది. కపాలభాతి మాత్రం ఈ పనికి రాదు, అది వేగంగా తోసేది. కంగారు మనిషికి ఇంకా కంగారు పుట్టిస్తుంది. తుమ్మెదలా ఝుమ్మంటూ ఊపిరి వదిలే భ్రామరి సరిపోతుంది.

ఊపిరి మీద దృష్టి పెడితే గుండె దడ పెరిగే మనుషులూ ఉంటారు. వాళ్లు కళ్లు తెరిచి, పాదాల కింది నేల చల్లదనం గమనిస్తూ చేయాలి, అదీ కుదరకపోతే నడవాలి. రెండు వారాలు దాటినా నిద్ర లేకుండా, తిండి సహించకుండా ఉంటే బ్యాండ్‌తో కాలక్షేపం చేయకుండా తిరుపతి రుయా ఆసుపత్రి మానసిక విభాగానికి వెళ్లండి. ఇంటి నుంచే మాట్లాడాలంటే ప్రభుత్వ టెలీమానస్ నంబరు 14416.

అమ్మగారికి పెట్టొచ్చు, కొన్ని షరతులతో. 3, 3 తో మొదలుపెట్టి 3, 4 దగ్గరే ఆపండి, 6కు దింపాలన్న పట్టుదల వద్దు. ఊపిరి బిగబట్టే రకాలు ఏవీ చేయించకండి. బ్యాండ్ చూపే స్ట్రెస్ అంకెను ఆమె విషయంలో అసలు లెక్కలోకి తీసుకోవద్దు. చాలా ఏళ్లుగా షుగర్ ఉన్నవాళ్లకు గుండెకు వెళ్లే నరాలు మొద్దుబారితే ఊపిరితో గుండె వేగం ఊగడమే తగ్గుతుంది. డాక్టర్లు ఆ నరాలను పరీక్షించేది కూడా ఇలాగే, నిమిషానికి 6 సార్లు ఊపిరి తీయించి ఈసీజీ చూస్తారు. గుండె వేగంలో తేడా 15 లేదా ఎక్కువ వస్తే మామూలు, 10 లేదా తక్కువైతే నరాల మీద అనుమానం. బీపీకి వాడే మెటోప్రొలాల్ వంటి మాత్రలు కూడా గుండె వేగాన్ని పట్టి ఉంచుతాయి. ఆస్తమా, మూర్ఛ, గుండె లయ తప్పడం ఉంటే ముందు ఆమెను చూసే డాక్టరును అడగండి. ఉన్నా లేకున్నా, బీపీ తగ్గినట్టు కనబడిందని మాత్ర మాన్పించకండి. ఈ పద్ధతితో తగ్గేది కొద్దిగానే, అదీ వారాలు పడుతుంది. కొలవాలంటే మణికట్టు వాచ్‌తో కాకుండా మోచేతి పైన దండకు కట్టే మిషన్‌తో, పొద్దున మాత్రకు ముందు, ఐదు నిమిషాలు ఊరికే కూర్చోబెట్టి కొలవండి. వ్యాయామం అయిన వెంటనే లేవనివ్వకండి. కాళ్లు రెండుసార్లు ఆడించి, కుర్చీ చెయ్యి పట్టుకుని నిదానంగా లేవమనండి.